బోల్డ్‌లో పడని అంకె

ఆమె చనిపోయిన సంగతి ఆమె భర్త ఫోన్ చేసి చెప్పాడు.

"అక్కా, మా ఇంటామె పోయింది. మొన్న పొద్దుగాల మల్లొకపారి పెరాలసిస్ గొట్టింది. దవాఖాన దాక గూడ ఆగలే. నీకు చెప్పాలె గదా అని జేసిన."

అతని పక్కన కూర్చున్న ముసలావిడ ఎవరో "అంతే ఆయుస్సు రాసుండె బిడ్డా, ఏం జేస్తం" అంటున్నది ఫోన్లో వినిపించింది. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఆరేళ్లకు అయిపోయే ఆయుస్సు ఎవరు రాశారట? రాసినవాళ్లు ఎక్కడో పైన లేరు. ఒకడు ఊళ్లో సూదులేసే ఆర్ఎంపీ, ఒకడు కత్తి పట్టిన డాక్టరు, ఒకతి హనుమకొండలో ఒక ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ నొక్కిన నేను. ముసలావిడను ఫోన్లోనే కసిరేదాన్ని. అతను పెట్టేశాడు కాబట్టి ఊరుకున్నాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున ఏడింటికి వచ్చి తెల్లకోటు వేసుకుంటే మధ్యాహ్నం దాకా చేతులే చేతులు. మనుషుల ముఖాలు గుర్తుండవు, నరాలు గుర్తుంటాయి. ఫలానా ఆవిడది దొరకని నరం, ఫలానా ఆయనది జారే నరం, అంతే. అట్లాంటి చోట కూడా ఆమె మనిషిగా గుర్తుండిపోయింది. అందుకు మొదటి కారణం తుమ్ములు.

వరంగల్ మార్కెట్ దగ్గర మిరపకాయల తొడిమెలు తీసే పని ఆమెది. పొద్దంతా ఎర్రటి కుప్పల మధ్య కూర్చుని కాయ కాయకూ తొడిమె గిల్లాలి. పని మధ్యలో గంట దొరికితే ల్యాబుకు వచ్చేది. ఆమె తలుపు తీసిందంటే కుర్చీల్లో కూర్చున్నవాళ్లు వరసగా తుమ్మడం మొదలుపెట్టేవాళ్లు. చీరెలో, జుట్టులో అంత ఘాటు. వేరేవాళ్లయితే సిగ్గుపడి బయట నిలబడతారు. ఆమె నడుం మీద చేయి పెట్టుకుని అందరినీ కలయజూసి, "తుమ్ముండ్రి తుమ్ముండ్రి, ముక్కులు సాఫైతయి. దీనికి బిల్లు లేదు" అనేది. తుమ్ముతూనే నవ్వేవాళ్లు. మా ల్యాబులో ఆమెకు మిర్చక్క అని పేరు పడిపోయింది. నిజానికి నాకంటే ఐదేళ్లు చిన్నది. నన్నే అక్కా అనేది.

కళ్లు తుడుచుకోవాలంటే మోచేయి ఎత్తి భుజం దగ్గరి చీరెకు రుద్దుకునేది. వేళ్లు ఎప్పుడూ ముఖం దాకా వచ్చేవి కావు. ఇంట్లో చిన్నోడు చంకెక్కుతానని ఏడిస్తే మణికట్లతోనే ఎత్తుకుంటానని చేసి చూపించింది ఒకరోజు. ఎంత కడిగినా ఆ వేళ్ల మంట పోదట. మజ్జిగలో ముంచుకుని కూర్చుంటే కాస్త నయమట.

రెండో కారణం ఆమె ప్రశ్నలు. సూది చూడగానే సగం మంది తల అటు తిప్పుకుంటారు. ఆమె కళ్లార్పకుండా ట్యూబులోకి రక్తం ఎక్కడం చూసేది.

"భయమైతలేదా నీకు? అటు చూడు" అన్నాను మొదటిసారి.

"నా రక్తం నేను జూసుకోవద్దా అక్కా? ఏడికి పోతాందో తెల్వాలె గదా. గీ పసుపు మూతది దేనికి?"

"థైరాయిడ్‌కు, హార్మోన్లకు."

"హార్మోనంటే?"

నా వెనక పదిమంది లైనులో ఉన్నారు. "అదంత నీకెందుకు చెల్లే, డాక్టరు చెప్తడు తియ్యి" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ వాక్యం నా నోట్లోంచే వచ్చిందా అనిపిస్తుంది. వచ్చింది. రోజుకు ఇరవైసార్లు వచ్చేది.

అప్పటికి ఆమెకు ముప్పై నాలుగు. హనుమకొండలోనే ఒక డాక్టరుకు చూపించుకుంటే పరీక్షలు రాసిచ్చాడు. ఏం బాధ అని అడిగితే చెప్పింది. "పెయ్యంత ఒక్కపారే మంట లేస్తాందక్కా. చలికాలం గూడ చెమటలు గారుతానయి. గుండె దడదడ కొట్టుకుంటాంది. నిద్ర లేదు. మా ఆయనేమో మిరపకాయల్ల కూసుంటే మండదా అంటాండు."

చీటీలో థైరాయిడ్‌తో పాటు ఎస్ట్రాడియోల్ అని ఉంది. ఆడవాళ్ల అండాశయాల్లో తయారయ్యే ముఖ్యమైన హార్మోను అది. నెలసరికీ కాన్పుకూ మాత్రమే అది అవసరమని చాలామంది అనుకుంటారు. గుండెకూ, మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలకూ అది కాపలా కూడా. చిన్నవయసులోనే అది పడిపోయిందంటే ముందుముందు గుండెజబ్బుకూ పక్షవాతానికీ దారి పడుతుందేమో చూసుకోమని ఒక హెచ్చరిక. వచ్చి తీరుతుందని కాదు. చూసుకోమని. ఈ సంగతి నేను చదువుకున్నాను, పరీక్షలో రాసి పాసయ్యాను కూడా.

ఆ హార్మోను ఆడవాళ్లలో నెలలో ఒక్కో వారం ఒక్కోలా ఉంటుంది. అందుకని అంకె కంప్యూటర్లో ఎక్కించే ముందు మనిషి ఏ దశలో ఉందో ఎంచుకోవాలి. తెరమీద ఒక జాబితా వస్తుంది. నెలసరి మొదటి సగం, రెండో సగం, గర్భిణి, చిట్టచివర ముట్లుడిగినవాళ్లు. ఏది నొక్కితే దానికి తగ్గ హద్దులు రిపోర్టులో పడతాయి. అంకె హద్దు దాటితే లావు అక్షరాల్లో, మేం బోల్డ్ అంటాం, వస్తుంది. దాటకపోతే సన్నగా వస్తుంది.

"నెల ఎప్పుడొచ్చింది చెల్లే?" అని అడిగాను.

"ఎక్కడి నెలక్కా. సంచే లేకపాయె. తీసి నాలుగేండ్లయితాంది."

సంచి అంటే గర్భసంచి. మా దిక్కు ఊళ్లలో ముప్పై దాటిన ఆడకూలీలను నలుగురిని కూర్చోబెడితే వాళ్లలో ఒకరికైనా సంచి ఉండదని నాకు అనిపిస్తుంటుంది. ఎందుకు తీశారని అడగండి. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని. ఈమెకూ అంతే. ఊళ్లో ఆర్ఎంపీ "సంచి పుండు వడ్డది, తీయకుంటే క్యాన్సరైతది" అన్నాడు. ఎవరో ఆటో మాట్లాడారు. ఒక నర్సింగ్ హోమ్‌లో పడుకోబెట్టారు. ఇన్ని ప్రశ్నలు అడిగే మనిషివి అప్పుడు అడగలేదా అన్నాను ఒకసారి. అడిగిందట. "ఇద్దరు పిల్లలున్నరు గదమ్మా, ఇగ నీకెందుకది" అన్నాడట డాక్టరు. అరిగిపోయిన చెప్పు గురించి అన్నట్టు.

నెల రావడం లేదు అంది కాబట్టి నేను జాబితాలో చిట్టచివరిది నొక్కాను. ముట్లుడిగినవాళ్లు. మాకు అట్లాగే నేర్పారు. నెల రాకపోతే అదే నొక్కు, ఎందుకు రావడం లేదో నీకనవసరం. నేను నా తర్వాత వచ్చినవాళ్లకూ అదే నేర్పాను. ఆమె ఎస్ట్రాడియోల్ బాగా అడుగున ఉంది. కానీ అరవై ఏళ్ల ముసలమ్మల హద్దుల పక్కన పెడితే చక్కగా సరిపోయింది. సన్న అక్షరాల్లో పడింది.

డాక్టర్లకు కాగితం మొత్తం చదివే తీరిక ఎక్కడిది? బోల్డ్ ఎక్కడుందా అని పైనుంచి కిందికి చూపు జారుస్తారు. ఆమె కాగితంలో ఒక్క బోల్డూ లేదు. బీపీ చూశాడో లేదో ఆమెకు గుర్తులేదు. బలానికి గోలీలు రాసి పంపించాడు.

ఆ సాయంత్రం ఆమె పనిగట్టుకుని మళ్లీ మా ల్యాబుకు వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "అంత నార్మలేనటక్కా!" అంది. తర్వాత నుదురు చిట్లించి, "మరి పెయ్యెందుకు మండుతాంది?" అంది.

నేను నవ్వాను. "మిరపకాయల్ల కూసున్నోళ్లకు మండక సల్లగుంటదా?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నా జన్మలో వేసిన అన్ని జోకుల్లోకీ నీచమైనది అదే. భర్త అదే అన్నాడు, డాక్టరూ అదే అన్నాడట, చివరికి అన్నీ తెలిసిన నేనూ అదే అన్నాను. చేతికి మంటెక్కే పని చేసే మనిషి ఒంట్లో మంట అంటే ఇంక ఎవరికీ వేరే ఆలోచనే రాలేదు. పదేళ్లుగా మిరపకాయల్లో కూర్చుంటున్న మనిషికి చేతుల మంటకూ ఒంట్లో పొగలు చిమ్మే మంటకూ తేడా తెలియదా? ఆమెకు తెలుసు. అందుకే అడిగింది. అడిగిన ప్రశ్నను మేం నవ్వి పారేశాం.

ఆ తర్వాత ఆమె తన కోసం రాలేదు. నార్మల్ అని చెప్పాక ఎందుకొస్తుంది? తనతో తొడిమెలు తీసే ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేది. ఒకావిడకు షుగర్, ఒకావిడకు రక్తం తక్కువ. ఆమె పెద్ద తెలిసినదానిలా వాళ్లకు ట్యూబుల మూతల రంగులు వివరించేది. "గా ఊదా మూత రక్తం ఎంతున్నదో సూసేటందుకు. బూడిద రంగుది షుగర్‌కు. పసుపు మూతది హార్మోన్‌కు. హార్మోనంటే ఏందో ఈ అక్కకు గూడ తెల్వదు, అడిగితే డాక్టరును అడుగుమంటది" అని నావైపు కన్ను గీటేది. నాకు చిరాకు వచ్చేది. లైను ఆగిపోతోందని కసిరాను కూడా ఒకసారి. ఆమె ఏమీ అనుకోలేదు. కసరడం కూడా ల్యాబు పనిలో ఒక భాగమే అనుకుని ఉంటుంది.

ఏడాదిన్నర అలా గడిచింది. ఒకరోజు ఆ ఆడవాళ్లలో ఒకావిడ ఒక్కతే వచ్చింది. మిర్చక్క ఏదని అడిగితే చెప్పింది. కుప్ప ముందు కూర్చుని కాయ గిల్లుతూ గిల్లుతూ ఉంటే చేతిలోంచి కాయ జారిపోయిందట. మళ్లీ తీసింది, మళ్లీ జారింది. నోరు ఒక పక్కకు గుంజుకుపోయింది. ఎండదెబ్బ అనుకుని వీళ్లు నీళ్లు చల్లారట. ఆస్పత్రికి చేరేసరికి పొద్దు గుంకింది.

నేను సిగ్గువిడిచి ఒప్పుకుంటాను, అప్పుడు కూడా నాకు ఆ సన్న అక్షరాల అంకె గుర్తుకు రాలేదు. పాపం అనుకున్నాను. ఇంకో చేతికి సూది గుచ్చాను.

రెండు నెలల తర్వాత భర్త ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. మార్కెట్లో బస్తాలు మోసే మనిషి అతను. ఆమెను కూడా దాదాపు మోసుకొచ్చినట్టే తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. కుడివైపు పడిపోయింది. ఎవరూ తుమ్మలేదు. మాట వస్తోంది కానీ ఒక్కో మాట తడుముకుని తీసినట్టు వస్తోంది. చీటీ పెద్దాసుపత్రిలో ఉన్న ఒక చిన్నవయసు డాక్టరమ్మ రాసింది. పక్షవాతానికి మందులిచ్చి పంపేవాళ్లే అందరూ. ఈ అమ్మాయి మాత్రం, ఇంత చిన్న వయసుకు ఎందుకొచ్చిందని ఆగి ఆలోచించింది. ఎస్ట్రాడియోల్ మళ్లీ చేయమని రాసి, కింద చేతిరాతతో ఇంకో రెండు వాక్యాలు రాసింది: సంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా, పాత కాగితం చూడండి. రిపోర్టు ఆమె వయసు హద్దులతో ఇవ్వండి.

ఆ రెండు వాక్యాలు చదివాకగానీ నాకు ఆ పాత అంకె గుర్తుకు రాలేదు. సంచి తీసినంత మాత్రాన ఆ హార్మోను పడిపోదు. నెల రాదు, అంతే. అండాశయాలు లోపలే ఉంటే తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి. ముప్పై నాలుగేళ్ల మనిషికి అంకె అంత అడుగున ఉందంటే అప్పుడే ఎవరికైనా అనుమానం రావాలి. ఆ అనుమానం రాకుండా అడ్డం పడింది నేను నొక్కిన నొక్కు.

రక్తం తీశాను. ఫలితం వచ్చేదాకా వాళ్లిద్దరూ అక్కడే కూర్చున్నారు. అంకె మునుపటిలాగే అడుగున ఉంది. ఈసారి ఆమె వయసుకు తగ్గ హద్దులు పెట్టాను. బోల్డ్‌లో వచ్చింది, పక్కన కిందికి గుర్తుతో. పాత రిపోర్టు తీసి పక్కన పెట్టాను. అంకెలో పెద్ద తేడా లేదు. తేడా అక్షరం లావులోనే ఉంది.

మా ఓనరు దగ్గరికి వెళ్లి రెండు కాగితాలూ చూపించాను. ఇకనుంచి సంచి తీశారన్న ప్రతి ఒక్కరినీ ఇంకేం తీశారని అడుగుదాం, కంప్యూటర్లో అదొక గడి పెట్టిద్దాం అన్నాను. "డాక్టర్లు అడగాల్సినయి మనమెందుకమ్మా అడగాలె? సాఫ్ట్‌వేర్ ప్రకారం మనది తప్పేం లేదు" అన్నాడు. సాఫ్ట్‌వేర్ ప్రకారం! ఆర్ఎంపీ ప్రకారం పుండు, నర్సింగ్ హోమ్ ప్రకారం చిన్న ఆపరేషన్, డాక్టరు ప్రకారం నార్మల్, మా సాఫ్ట్‌వేర్ ప్రకారం ముసలమ్మ. ఎవరి ప్రకారం చూసినా ఎవరి తప్పూ లేదు. కుర్చీలో ఒక మనిషి సగం పడిపోయి ఉంది, అంతే. అప్పటినుంచి నేనే నోటితో అడుగుతున్నాను. లైను ఆలస్యమవుతోందని నామీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. రానీ.

ఆ రోజు నేను రెండు కాగితాలూ పట్టుకుని ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"చెల్లే, అప్పుడు నీ రిపోర్టు నార్మల్ గాదు. నేను తప్పు నొక్కిన. అప్పుడే సరిగ్గ నొక్కితే ఇది లావుగ పడుతుండె. డాక్టరు చూస్తుండె. బీపీ చూసుకోమంటుండె, మందులేమన్న రాస్తుండె. ఇదంత తప్పుతుండెనో లేదో నేను చెప్పలేను. కని నీకైతే తెలుస్తుండె."

భర్త వెంటనే అందుకున్నాడు. "పోనియ్యి అక్కా. ఏం జేస్తం. అయ్యిందేదో అయ్యింది. నువ్వు ఫికర్ జేయకు."

అతని మంచితనం చూస్తే నాకు కోపం వచ్చింది. కొట్టినా బాగుండేది. ఇలా ప్రతిదానికీ పోనియ్యి అనబట్టే కదా ఇంత దూరం వచ్చింది.

ఆమె మాత్రం పోనియ్యి అనలేదు. బాగున్న ఎడమచేత్తో అతన్ని ఆగమన్నట్టు సైగ చేసింది. నావైపే చూస్తూ, "హార్మోనంటే... ఏంది?" అంది.

ఇరవై నెలల కిందట అడిగిన ప్రశ్న. ఈసారి లైనును చూడలేదు నేను. అండాశయాలంటే ఏమిటో, అవి ఎక్కడుంటాయో, వాటిలోంచి వచ్చేది ఒంట్లో ఎక్కడెక్కడికి పోయి ఏమేం కాపాడుతుందో, అది ఆగిపోతే పెయ్యి ఎందుకు మండుతుందో, నాకు తెలిసినంత చెప్పాను. పావుగంట పట్టింది. ఆమె మొత్తం విన్నది.

"మిరపకాయలు గాదు" అంది చివరికి.

"కాదు చెల్లే. నువ్వు అప్పుడు అడిగింది కరెక్టే."

"మరి నాయెందుకు... ఆగిపోయినయి?"

పెద్దాసుపత్రివాళ్లు పాత కాగితాలన్నీ తెమ్మన్నారని భర్త ఆ రోజు ఇంట్లో ఉన్నదల్లా మూటగట్టి తెచ్చాడు. అందులోంచి నర్సింగ్ హోమ్ వాళ్లు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం వెతికి తీశాను. ఇంగ్లీషులో ఉంది. ఆరేళ్లుగా బియ్యం డబ్బా మీద భద్రంగా ఉన్న కాగితమది. ఆ ఇంట్లో చదవగలిగినవాళ్లు లేరు. చదవగలిగిన డాక్టరు అడగలేదు, నేనూ అడగలేదు. రెండో పేరాలో ఉంది. ఒక్క వరసే.

"తెలుగుల... చదువు" అంది.

చదివాను. "గర్భసంచి తీసేసిన్రు. కుడి దిక్కు అండాశయం తీసేసిన్రు. ఎడమ దిక్కుది తీసేసిన్రు."

ఆమె ఎడమచేయి ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో ఒక వేలు ముడిచింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. ముడిచిన మూడు వేళ్లనూ చూసింది. తర్వాత మెల్లగా భర్తవైపు తిరిగింది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది అతనే.

"నాకు గూడ సంచొక్కటే అన్నరే" అన్నాడు అతను. "నీ మీద ఒట్టు. ఒక్కటే అన్నరు."

ఆమె మళ్లీ నావైపు తిరిగింది. ముడిచిన చేతిని నా ముఖం దాకా ఎత్తింది. నోరు ఒక పక్కకు లాగుతున్నా ఒక్కో మాటా విడివిడిగా, ల్యాబులో ఉన్న అందరికీ వినబడేలా అడిగింది.

"ఒక్కటి తీస్తమని చెప్పి మూడు తీసిన్రు. తక్కిన రెండు ఎవలనడిగి తీసిన్రక్కా?"